తాడుకు కట్టిన వేపకొమ్మలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మే నెల, మంగళవారం, పొద్దున సరిగ్గా పదిన్నర. మదనపల్లెలో మా పరిశోధనశాల వెనక వాకిట్లో ఎర్రనీళ్లు ఒలకబోసి, చుట్టూ తాడు కట్టి నిలబడ్డాను. ఆ రోజుల్లో నాకు సిగ్గు తక్కువ, పట్టుదల ఎక్కువ. పుంగనూరు పక్కన పదిహేనేళ్లదాకా మేకలు కాసి, ఆ తర్వాత అఆలు దిద్ది, ముప్పై దాటాక బీఎస్సీ గట్టెక్కినవాణ్ణి. రేడియేషన్ భద్రతాధికారి కావాలంటే సైన్సు డిగ్రీ, శిక్షణ, పరీక్ష కావాలి. అన్నీ అయ్యాయి (శిక్షణలో కుర్రాళ్లు నన్ను అంకుల్ అన్నారు, పడ్డాను). ఇక తనిఖీ అధికారి ముందు ఉత్తుత్తి ప్రమాదం ఒకటి నడిపి చూపించాలి. ఆయన సరేనంటేనే నాకు ఉద్యోగం, మా మేడమ్ పరిశోధనకు రేడియోధార్మిక పదార్థం.

ఒలికింది వట్టి రంగునీళ్లే. అయినా తుడిచి, మీటరుతో చూసి, శుభ్రమైందని తేల్చేదాకా తాడు లోపలికి ఎవరూ రాకూడదు. చిక్కల్లా, ఆ వాకిలి వీధివాళ్లందరికీ అడ్డదోవ. ముందురోజు బోర్డు పెట్టి చూస్తే, దానిమీది మూడు రెక్కల రేడియేషన్ గుర్తు చూసి ఒక పెద్దాయన "ఏమప్పా, ఈడ ఫ్యాన్లు రిపేరు చేస్తాండారా?" అంటూ తాడు దాటేశాడు. అందుకని తాడు పొడుగునా వేపకొమ్మలు కట్టాను (మా వైపు వాకిట వేపకొమ్మ కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని జనం తప్పుకుపోతారు). నిజంగానే ఒక్కరూ రాలేదు. నేను మీసం దువ్వుకుంటున్నాను. అంతలో మాకు పాలుపోసే పాలక్క, చెంబునిండా అంబలితో వచ్చి, తాడు ఎత్తి లోపలికి దూరింది.

"ఆడే నిలువక్కా!"

"అరవద్దప్పా, అమ్మ కోపగిస్తాది. ఎవురికి పోసింది? సల్లంగా అంబలి పెట్టిపోతా."

"ఎవురికీ పోయలేదు. కొమ్మలు నేనే కట్టినా."

"అమ్మోరితో ఎగతాళా! బుద్ధుండాదా నీకు?"

అధికారి నవ్వలేదు. "మీ కొమ్మ భయమున్నవాళ్లను ఆపుతుంది, భక్తి ఉన్నవాళ్లను పిలుస్తుంది. ఇప్పుడేం చేస్తారు?" అన్నారు. మేడమ్ ముఖం మాడిపోయింది. నేను కొమ్మలన్నీ పెరికేశాను. పాలక్క పాదాలకు మీటరు పెట్టి చూసి, చెప్పులు విడిపించి సంచిలో మూటగట్టి, కాళ్లు కడిగించి, "ఈ నీళ్లలో కంటికి కనబడని సెడుగు ఉందనుకో అక్కా. తొక్కితే నీ ఇంటిదాకా అంటుకోని వస్తాది" అన్నాను.

"ఆ మాట ముందే సెప్పకుండా యాలప్పా కొమ్మలు?"

ఆ మీదట వచ్చిన ప్రతి మనిషికీ తాడు దగ్గరే నిలబడి నోటితో చెప్పాను, నీళ్లు తుడవడం పూర్తయ్యేదాకా. ఒక్కరూ దాటలేదు. అధికారి "సరే" అన్నారు.

చదువు రాకముందు నాకు ఎవరైనా నోటితో చెబితేనే ఏదైనా తెలిసేది. రాగానే అది మరిచి, బోర్డునీ కొమ్మనీ నమ్ముకున్న ఆ మీసాలవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం నలుగురం: చివరిదాకా నవ్వని అధికారి, గోళ్లన్నీ కొరుక్కున్న మేడమ్, ఉత్తకాళ్లతో ఎండలో గంతులేస్తూ "నా సెప్పులియ్యప్పా!" అని అరుస్తున్న పాలక్క, వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి గొంతు పోయిన నేను.