పద్నాలుగో పేజీ

తడి సున్నం వాసన తగిలితే 1984 గుర్తొస్తుంది. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు బడికి వెల్ల వేసిన మర్నాడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

ఆయనకు తెలుగు రాదు. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే లక్ష్మి, ఆయన చదవమన్న పద్నాలుగో పేజీ తెరిచి, బట్టీపట్టిన తొమ్మిదో పేజీ అప్పజెప్పింది.

"ఠిక్ పోడ్‌ఛే?" సరిగ్గా చదువుతోందా అని ఆయన నన్ను బెంగాలీలో అడిగాడు. లేదన్నాను. ఏదో రాసుకున్నాడు.

టీచరమ్మ ఉద్యోగం పోయిందనుకుని, ఆయన వెళ్లాక ఏడ్చాను.

"ఏడుస్తావేటే? ఉన్నమాటే సెప్పినావు. రేపట్నుంచి దానికి సదవడం నువ్వే నేర్పు," అంది టీచరమ్మ.

"దీనికాడ నేనేటి నేర్సుకునేది!" అని లక్ష్మి మూతి తిప్పింది.

నలభై మూడో రోజున లక్ష్మి ఆ పద్నాలుగో పేజీని కూడబలుక్కుంటూ చదివింది. టీచరమ్మ లేచి నిలబడి వింది.

ఇన్‌స్పెక్టర్ ఏం రాశాడో నాకు తెలియదు. మా బడి ఎలాంటిదని ఎవరైనా అడిగితే, నేను ఆ నలభై మూడో రోజు సంగతే చెబుతాను.