కార్డు మీద కుంకుమ

ఎనభైల్లో తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసు. అందరి లెక్కలూ నడిపే పెద్ద కంప్యూటర్‌కు నేనే ఆపరేటర్‌ని. బడి చదువు కాదు, పుస్తకాలు తిప్పి సొంతంగా నేర్చుకున్న పని.

దసరాకు కంప్యూటర్ మెమరీ పెంచే కొత్త కార్డు వచ్చింది. మేనేజరు దాన్ని ఆయుధపూజలో పెట్టి, కుంకుమ దిద్ది, తన చేత్తోనే మెషీన్లో బిగించాడు. మర్నాడు తెర మీద మెమరీ పాత లెక్కే చూపించింది, పెరగలేదు.

"రాత్రికి రాత్రే కార్డు ఊడబీకి అమ్ముకున్నవురా దొంగ!" అంటూ చెంప పగలగొట్టాడు.

"విప్పి చూద్దాం సార్, లోపల్నే ఉంటది."

"పూజ చేసిన మిషన్ల వేలు పెడ్తవా?"

వాచ్‌మన్ చేత లాఠీతో కొట్టించాడు. నా ఎడమ చేతి వేలు విరిగింది. పోలీసులకు అప్పగిస్తానన్నాడు.

హైదరాబాదు నుంచి రైల్లో వచ్చిన కంప్యూటర్ కంపెనీ ఇంజనీరు కార్డు ఊడదీశాడు. మెషీన్‌కు తగలాల్సిన అంచు నిండా ఎర్రటి ముద్ద. తుడిచి పెడితే మెమరీ అంతా వచ్చింది.

"గీ బొట్టు ఎవరు పెట్టిండ్రు?" అని ఇంజనీరు నవ్వాడు.

మేనేజరు నా వైపు తిరిగి, "సరే తియ్, పోయి పని చూస్కో" అన్నాడు.

కుడి చేత్తో వాడి మూతి మీద గుద్దాను. రక్తం కారింది. ఉద్యోగం పోయింది. ఒక్క గుద్దుతో ఆపానే అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.