కమలా తొక్క తీసిన చేతులు

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని ఇక లేవలేదు. కబురు వచ్చేసరికి నేను మా డిస్టిలరీలో సందర్శకులకు జిన్ కాచే పెద్ద రాగి పాత్ర చూపిస్తున్నాను. ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది అత్తే. ఒకసారి దాదాపు ఊడగొట్టిందీ అత్తే.

బెంగాలీవాళ్ళ ఊళ్ళో రేవు పక్క పేట ఈ గార్డెన్ రీచ్. ఇక్కడి మావాళ్ళంతా శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు. అత్త మాత్రం పెళ్ళయిన ఏడాదే తన అత్తగారి వెంట ఈ పాత కంపెనీలో చేరింది. ఇక్కడి కమలా జిన్‌కి రుచి పండుది కాదు, తొక్కది. పైనున్న రంగు పొరే రావాలి. లోపలి తెలుపు కొంచెం తగిలినా సరుకు చేదెక్కుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ చెప్పేది ఒక్కటే: "పండుకి నొప్పెట్టకుండా తియ్యండమ్మా." తొక్క తీసిన పళ్ళు ఆడవాళ్ళు పంచుకుని ఇళ్ళకి తెచ్చుకునేవారు. చలికాలమంతా మా వీధి పిల్లల గడ్డాల మీద కమలా రసమే.

తర్వాత కంపెనీ తన పాత చరిత్ర చెప్పి జనానికి ఫ్యాక్టరీ తిప్పి చూపడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు, బెంగాలీ వచ్చని అత్త చెబితే నన్ను తీసుకున్నారు. చెప్పాల్సిన కథ రాసి ఒక కాగితం ఇచ్చారు. కంపెనీ స్థాపించిన దొర ఒక సాయంత్రం ఇంటి మీద బెంగ పెట్టుకుని, స్వయంగా కమలాపండు ఒలిచి జిన్‌లో వేశాడట. నేను బట్టీపట్టాను. ఒకరోజు తొక్కలు తీసే గదిలో నిలబడి అదే చెబుతున్నాను. ఇంగ్లీషు రాకపోయినా, పండు ఒలుస్తున్నట్టు నేను చేసిన సైగ చూసి అత్తకి సంగతి అర్థమైపోయింది. కత్తి కింద పెట్టింది.

"ఏటే, ఎవులు ఒలిసేరంతన్నావు?"

"దొరగారు, అత్తా."

"దొర తాగీసుంటాడు. ఒలిసింది మేవు. మా అత్త, ఆవిడకి ముందు ఆవిడ అత్త. ఆ మాట కూడా సెప్పు."

ఆవిడ ఏమంటోందని సందర్శకులు అడిగారు. వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అయినా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు ఒకావిడ నవ్వింది, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు కొట్టలేదు.

రేపటి నుంచి రానక్కర్లేదంటాడేమోనని మర్నాడు ఆయన గది బయట నిలుచున్నాను. నాకంటే ముందే అత్త లోపలికి వెళ్ళి, తన అత్తగారి పాత కత్తి బల్ల మీద పెట్టింది. వేళ్ళు ఆనీ ఆనీ దాని పిడి గుంటలు పడింది.

"దాదా, మా అత్త కత్తి ఇది. మీ దొర కత్తి ఏదీ?" అని, అన్నగారిని పిలిచినట్టే బెంగాలీలో మర్యాదగా అడిగింది.

ఆయన ఆ పిడిని చాలాసేపు తిప్పి చూసి, టీ తెప్పించాడు. నెల తిరక్కుండా కాగితం మారింది. ఇప్పుడు నేను చెప్పే కథ ఆ గదిలోని ఆడవాళ్ళతోనే మొదలవుతుంది. తెలియని సంగతి ధీమాగా చెప్పకూడదని నాకు తెలిసింది ఆ కత్తి చూసిన రోజే.

కిందటి చలికాలం అత్త పని మానేసినప్పుడు కంపెనీ ఒక సీసా బహుమతిగా ఇచ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఒక్క చుక్క నోట పెట్టలేదు. ఇంటికొచ్చి, "ఏటి సేసేమో సూడాలి గదా," అంటూ స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని గుటక వేసింది. మొహమంతా ముడుచుకుపోయింది. కళ్ళ నీళ్ళొచ్చాయి. నేను మంచినీళ్ళకి పరిగెత్తబోతే చెయ్యెత్తి ఆపింది. కళ్ళు మూసుకునే ఉంది. మొహం మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"తొక్క తెలుస్తందే," అని, ఇంకొంచెం పొయ్యమన్నట్టు గ్లాసు నా వైపు చాపింది.