అద్దం పెంకు కింద ఆల్చిప్ప

మా మనవరాలు శైలజ ఇంటి తలుపు తీయగానే ఉప్పు వాసన వస్తుంది. కరీంనగర్‌లో ఉప్పుగాలేమిటని అడిగినవాళ్లకు, మా పిల్ల సముద్రాన్ని తెచ్చి హాల్లో పెట్టుకుంది, అందులో తిమింగలం కూడా ఉందని చెబుతుంటాను. ఒప్పుకోవాలంటే అది బల్ల మీద పట్టే గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, కాసిని పగడాలు, వాటి మధ్య నా పిడికిలంత ఆల్చిప్ప. సముద్రంలోంచి లాక్కొచ్చింది కాదు, పెంపకంలో పుట్టిందట. అది తెరుచుకున్నప్పుడు బయటికి పొంగే పెదవులు మాత్రం నెమలికంఠం రంగు చీరను సగం మడత విప్పి పరిచినట్టుంటాయి. నేత ఇంట్లో పుట్టినవాణ్ని, రంగుల విషయంలో అబద్ధమాడను.

దానికి ముఖ్యమైన తిండి వెలుతురు. ఆ రంగు పెదవుల్లో కంటికి ఆనని నాచు కాపురముంటుందని, అది వెలుతురుతో వండుకున్న దాంట్లోంచి ఆల్చిప్పకు పెడుతుందని శైలజ చెప్పింది. తొట్టి మీది పాత దీపం మసకబారేసరికి ఆల్చిప్ప పాపం మెడ చాచినట్టు పైకి సాగి సాగి, చివరికి సగమే తెరవసాగింది. శైలజ కొత్త దీపం తెప్పించి బిగించింది. అది వెలిగించగానే పక్కింటావిడ తెల్లారిందనుకుని ముగ్గు వేసింది. సరే, ముగ్గు వేయలేదు. నేను కళ్లు మూసుకున్నాను, అంతే. ఆల్చిప్పా మూసుకుంది, పొద్దుగూకేదాకా తెరవలేదు.

"తాతా, గిది సచ్చిపోతదేమోనే" అంది శైలజ.

మర్నాడు దోమతెర గుడ్డను మడతలు పెట్టి, దీపానికీ నీళ్లకూ మధ్య కట్టి, కొత్త వెలుతురు మెల్లగా అలవాటయ్యేలా కొన్నాళ్లకో మడత చొప్పున తీస్తానంది. ఆ ఉపాయం నాదేనని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాను. నిజానికి తను ఎక్కడో చదివింది, నేను స్టూలు పట్టుకున్నాను. కానీ దీపం కింద ఆ గుడ్డ వేలాడటం చూడగానే నాకు నన్ను కన్న మా అవ్వ కళ్ల ముందుకొచ్చింది.

మానేటి ఒడ్డున మాది గూన పెంకుల ఇల్లు. మా వాడలో ఇళ్లన్నీ ఒకదానికొకటి వీపులానించి కూర్చున్నట్టుండేవి కాబట్టి కిటికీలకు చోటు లేదు, పైకప్పులో ఒక్క అద్దం పెంకు, దానిలోంచి దిగే చాటంత వెలుతురు, అదే మా ఇంటి దీపం. ఆ వెలుతురు పొద్దున గూటి మీద వాలి, గోడ దిగి, వడ్ల గుమ్మి పక్కనుంచి పాకి, నడిమధ్యాహ్నానికి మా నాన్న, అదే బాపు, నేసే గుంట మగ్గం మీదికొచ్చి, సాయంత్రానికి గడప దగ్గర సన్నబడి పోయేది. ఇంట్లో పనులన్నీ దాని వెంటే నడిచేవి. బియ్యంలో రాళ్లేరడం, నా పలక మీద ఎక్కాలు, చెల్లె తలలో పేలు చూడటం, తెగిన పోగులు అతకడం, అన్నీ అది ఎక్కడుంటే అక్కడే. వానాకాలమంతా అద్దానికి నాచు పట్టి ఇల్లు చెరువు అడుగులా పచ్చగా ఉండేది, గంజి పట్టిన నూలు పులిసిన వాసన వేసేది, బతుకమ్మ పండుగ ముందు బాపు కప్పెక్కి బూడిదతో అద్దం తోమితే, కింద అవ్వ దంచే నువ్వుల సత్తు ధూళి ఆ కొత్త వెలుతురులో బంగారు పొట్టులా లేచి తిరిగేది.

శివరాత్రికి వేములవాడ జాతరకు పోయే బండ్లు మా వీధిలోంచి కదిలాయంటే ఎండ మొదలైనట్టే. మగ్గం మీది రంగు పడుగు నూలు వెలిసిపోకుండా అవ్వ బాపు పాత ధోతిని అద్దం పెంకు కింద కట్టేది. ఎండతోపాటు ఒక్కో మడత పెంచేది, తొలకరి పడ్డాక ఒక్కో మడత తీసేది. "ఒక్కపారే దీస్తే కండ్లు జిల్లుమంటయి బిడ్డా" అని, తీసిన గుడ్డను నాలుగు మూలలూ కలిపి మడిచి, మునివేళ్ల మీద లేచి దూలం సందులో దోపేది.

అలాంటి ఒక ఎండాకాలం, మానేరు మడుగులుగా చీలిపోయినప్పుడు, నేనూ నా దోస్తు ఖాజా తడి ఇసుక తవ్వి ఆల్చిప్పను పట్టుకొచ్చాం. అది చాటంత ఉండేదని చాలా ఏళ్లు చెప్పాను. అరచేతికి కాస్త తక్కువ.

"వెలుగు తాగితే దీంట్ల ముత్యమైతదిరా. మా నానీ చెప్పింది" అన్నాడు ఖాజా. నానీ అంటే వాళ్ల అమ్మమ్మ.

మా అవ్వకు ముక్కుపుడక పోయిన దగ్గర్నుంచి ముక్కుకు వేపపుల్ల ఉండేది. ఆ ముత్యం ఎక్కడికి పోవాలో నాకు అప్పుడే తెలిసిపోయింది. మట్టి మూకుడులో నీళ్లు పోసి, ఆల్చిప్పను పెట్టి, వెలుతురు ఎటు జరిగితే అటు మూకుడు జరుపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం వెలుతురుతోపాటు నేనూ మగ్గం దగ్గరికి చేరాను.

"అరేయ్, జర అవతలికి జరుగు. పోగు తెగింది, నాకు కనవడ్తలేదు" అంది అవ్వ.

"జరగనియ్యకు. నీ కొడుకు సిప్పకు నేత నేర్పుతుండు. రేపట్నుంచి నాకు సెలవే" అన్నాడు బాపు, పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండా.

అవ్వ నవ్వి, తన మోకాలి పక్కన మూకుడుకు చోటిచ్చింది, సగం వెలుతురులోనే కళ్లు చికిలించి పోగు అతికింది. కానీ ఆ రోజు నుంచీ ఆల్చిప్ప నోరు తెరవలేదు. తలుపు తట్టినట్టు తట్టాను, బతిమాలాను, తెరవలేదు. అవ్వ వచ్చి నీళ్లలో వేలు పెట్టి చూసింది.

"నీళ్లు కాగినయి బిడ్డా. దీనికి ఎండ గాదు, బురద గావాలె. దీని జాగల ఇడిశిపెట్టి రాపో."

"మరి నీ ముత్యం?"

"నాకు ఏపపుల్ల జాలు. దొంగల ఫికర్ లేదు."

ఏడుస్తూనే తీసుకెళ్లాను. మడుగు అంచున నేనూ ఖాజా బోర్లా పడుకుని చూస్తుంటే, చాలాసేపటికి అది గోరంత తెరిచి, నాలుకలాంటిదేదో బయటపెట్టి, బురదను తోసుకుంటూ దిగిపోయింది. దాని నోట్లో ముత్యం తళుక్కుమందని ఖాజాతో పందెం కాశాను. తళుక్కుమనలేదు. బతికింది, అంతే.

శైలజ తొట్టిలోని ఈ ఆల్చిప్పేమో దానికి పూర్తిగా ఎదురు, దీనికి వెలుతురు లేకపోతే బతుకు లేదు. గుడ్డ మడతలు ఒక్కొక్కటే తగ్గుతున్న రోజులన్నీ తొట్టి ముందే కుర్చీ వేసుకున్నాను. నేను వంగినప్పుడల్లా అది టక్కున ముడుచుకుంటే, నాకు సలాం చేస్తోందని శైలజకు చెప్పాను.

"సలాం గాదు, నీ నీడకు బెదురుతుంది. జర అటు కూసో తాతా."

అటు కూర్చున్నాను. నిన్న చివరి మడత తీసింది. కాసేపు ముడుచుకునే ఉండి, మెల్లగా అంచులు విచ్చి, పూర్తి వెలుతురులో అది రెండు పెదవులూ రాయి మీదికి పొర్లేదాకా పరుచుకుంది. శైలజ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదని రాద్దామనుకున్నాను.

మా వాడలో ఇప్పుడన్నీ స్లాబు ఇళ్లు. మరమగ్గాలు పట్టపగలే ట్యూబులైట్ల కింద ఆడుతున్నాయి. అద్దం పెంకంటే ఏమిటని పిల్లలు అడుగుతారు. చెప్పడానికి అవ్వా బాపూ లేరు, ఖాజా లేడు. తొట్టి మీంచి విప్పి శైలజ ఇచ్చిన గుడ్డను నాలుగు మూలలూ కలిపి మడిచాను. మునివేళ్ల మీద లేచి చెయ్యి పైకెత్తాక గానీ గుర్తు రాలేదు, దూలం లేదని. వేళ్లకు నున్నటి సున్నం గోడ తగిలింది.

"ఏం జేస్తున్నవ్ తాతా?"

"దాస్తున్న బిడ్డా, ఎండకాలానికి."