నూట ఎనభై గ్రాముల చేప

ఉదయం ఆరూ నలభైకి మా అమ్మమ్మ హోటలు లాబీలో తడిచీర ఆరేసింది. రెండు సోఫాల వీపుల మీదుగా, అంచు నేలకి తగలకుండా, ఇంటి దగ్గర దండెం మీద వేసినంత శ్రద్ధగా వేసింది. కౌంటరు వెనక అమ్మాయి రెండు చేతులూ జోడించి నవ్వింది. థాయిలాండులో కోపం వచ్చినా అలాగే నవ్వుతారని అప్పటికి నాకు తెలియదు. ఆ రోజుల్లో నాకు తెలియనివి చాలానే ఉండేవి. తెలియదన్న సంగతి కూడా అందులో ఒకటి. ఇరవై నాలుగేళ్లు, ఇంగ్లీషులో ఎమ్మే, విజయవాడలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో మూడో నెల. మెడలో వేలాడే కార్డు మీద ‘టూర్ మేనేజర్’ అని ఉండేది. (ఆఫీసులో ఓనరు కాక నేనూ ప్రింటరూ ఉండేవాళ్లం. ప్రింటరు నా కంటే సీనియరు.) ఆ కార్డుని స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీసేవాణ్ణి కాదు.

మా ఓనరుకి నేను లోలోపల ప్యాకేజీ గారని పేరు పెట్టుకున్నాను. ఆయన పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లని కూడా ఎన్ని రాత్రులు, ఎన్ని పగళ్లు అని అడిగేవాడు. నన్ను చేర్చుకున్నప్పుడే రెండు ముక్కలు చెప్పాడు. మొదటి గ్రూపు నువ్వే తెచ్చుకోవాలి. ఆఖరి రోజున ప్యాసింజర్లందరి చేతా ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించాలి. అన్నిటికీ అయిదు స్టార్లు వస్తే ఉద్యోగం ఖాయం, ఒక్క స్టారు తగ్గినా ఖాయం కాదు. “చుట్టాల్ని పోగేసుకొచ్చి స్టార్లు వేయించుకుంటే మాత్రం ఒప్పుకోనబ్బాయ్,” అని మూడోది కూడా చేర్చాడు. ఉద్యోగం పోతే నేను వెళ్లవలసిన చోటు ఏమిటో నాకు బాగా తెలుసు. కొల్లేటి పక్కన మా ఊళ్లో మావయ్య వరసాయన ఐసు ఫ్యాక్టరీ. అక్కడ చేపల పెట్టెల మీద ఊర్ల పేర్లు రాసే పనికి చదువుకున్నవాడు కావాలని ఆయన రెండేళ్లుగా అంటున్నాడు.

గ్రూపుని తెచ్చింది మా అమ్మమ్మ. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగడంతో మొదలుపెట్టి, హనుమాన్ జంక్షన్ మార్కెట్లో సొంత గోనెపట్టా పరుచుకునే దాకా వచ్చిన మనిషి. నా ఎమ్మే ఆ గోనెపట్టా మీద నుంచే వచ్చింది. ఆవిడ ఊళ్లో నాలుగు గుమ్మాలు ఎక్కి దిగేసరికి, ఐసు మావయ్యతో సహా పద్దెనిమిది మంది పాస్‌పోర్టులు పట్టుకుని వచ్చారు. అందరూ చేపల చెరువులవాళ్లు, చేపల వ్యాపారం వాళ్లు. నీళ్లు చూడటానికి నీళ్లవాళ్లు విమానం ఎక్కుతున్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

గన్నవరం విమానాశ్రయంలో అందర్నీ ఒక మూలకి పిలిచి చెప్పాను. “ఈ అయిదు రోజులూ మనం చుట్టాలం కాదు. ఆఫీసు రూలు.”

“మరి నేనేం అవుతాన్రా నీకు?” అంది అమ్మమ్మ.

“ప్యాసింజర్‌వి.”

“సర్లే. టిక్కెట్టు కొన్నాను కదా, అబద్ధం కాదు.”

ఆఫీసు రూలన్నది నిజమే. కాని రూలు లేకపోయినా ఆ మాట చెప్పి ఉండేవాణ్ణి. హాస్టల్లో ఏడేళ్లు నా బట్టలు నేను రెండుసార్లు ఉతుక్కున్నాను, చేపల వాసన వస్తుందేమోనని. అక్కడిదాకా పాకిన భయం విమానం ఎక్కితే పోదు.

మూడోరోజు కార్యక్రమం, ఒక్కరోజులో నాలుగు దీవులు, స్పీడుబోటు మీద. కరపత్రంలో ఆ సముద్రం రంగు మా ఊళ్లో ఎడ్ల కొమ్ములకి వేసే రంగులా ఉంది. నిజంగా వెళ్లి చూస్తే అదే రంగులో ఉంది, ఆ విషయంలో మోసం లేదు. మిగతాదే చెప్పాలి. బోటుకి మూడు ఇంజన్లు. అది నీళ్ల మీద పోదు, నీళ్లని కొట్టుకుంటూ పోతుంది. ఒక్కొక్క దెబ్బకీ వెన్నుపూస ఒక మెట్టు దిగుతుంది. చూడాలనుకున్న చోట ఆపరు, ఆపిన చోట చూడటానికి మనలాంటి బోట్లు ఇంకో ముప్ఫై ఉంటాయి. చేతిలో పసుప్పచ్చ జెండా పట్టుకున్న గైడు ఒకతను (అతనికి మావాళ్లు బోటు కదలకముందే ‘జెండా’ అని పేరు పెట్టేశారు) ప్రతి దీవి దగ్గరా నలభై నిమిషాలు అని వేళ్లు చూపించేవాడు.

“ఇంత తోలకం దేనికంట?” అంది అమ్మమ్మ, కడ్డీ పట్టుకోకుండా, కాళ్లు బారజాపుకుని కూర్చుని. “దీవులేవన్నా పారిపోతన్నయ్యా?”

బయల్దేరే ముందు లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో నేనే చూపించాను. తాటిదోనె మీద పుట్టి పెరిగినవాళ్లు పద్దెనిమిది మంది, ఈత రాని నా దగ్గర మునిగిపోకుండా ఉండటం ఎలాగో నేర్చుకున్నారు. నేను హాస్టలువాణ్ణి, నాకు మోకాలి లోతు దాటితే నీళ్లంటే దడ. మొదటి దీవిలో ఇసుక మీద నిలబడి కూడా జాకెట్ విప్పలేదు.

“మేనేజరు ఇసకలో మునుగుతాడేమోనే,” అని ఐసు మావయ్య ఎవరికో చెబుతుంటే వినబడనట్టు జెండా వైపు తిరిగి ఇంగ్లీషులో వాతావరణం గురించి మాట్లాడాను.

జరగవలసింది రెండో దీవిలో జరిగింది. అది రక్షిత ప్రాంతం. చేపలకి మేత వెయ్యకూడదు, చేపల్ని తాకకూడదు, గవ్వ కూడా ఏరకూడదు. జెండా ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. కాని నేను చెప్పింది ఎలా చెప్పానంటే, చేపలవాళ్లకి చేపల గురించి చెప్పడానికి నాకే సిగ్గేసి, ఫోను చూసుకుంటూ గబగబా అప్పజెప్పాను. మోకాలి లోతు నీళ్లలో మావాళ్లు నిలబడ్డారు. అద్దంలాంటి నీళ్లు. ఒంటిమీద నల్లచారలున్న పసుప్పచ్చ చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. మిగతా దేశాలవాళ్లు ఆహా ఓహో అంటూ ఫోటోలు తీసుకుంటున్నారు. మావాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, చెరువుగట్టు మీద నిలబడ్డట్టు నిలబడి చూస్తున్నారు.

“ఎంతుంటదంటావ్?”

“రెండొందల గ్రాములు.”

“రెండొందల యాభైకి తగ్గదు. ఆ నడ్డి చూడు.”

“మేత చాలట్లేదు వీటికి. ఎవుడు చూత్తన్నాడో గాని, తౌడెయ్యాలి.”

ఐసు మావయ్య రెండొందల యాభై దగ్గర పట్టుబట్టాడు, ఇంకొకాయన రెండొందలు దాటదన్నాడు. గొంతులు లేచాయి. మా ఊళ్లో ఇలాంటి తగువు ఎప్పుడూ ఒకచోటే తీరుతుంది. చేపని అమ్మమ్మ చేతిలో పెడతారు. ఆవిడ అరచేతిలో ఒక్కసారి ఎగరేసినట్టు ఆడించి బరువు చెబుతుంది. ఆ తర్వాత కాటా వెయ్యడం ఆవిణ్ణి అవమానించడం కింద లెక్క. అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ తన స్టీలు క్యారేజీ మూత తీసి నాలుగు మెతుకులు పైటలో వేసుకుని, పైటని నీళ్లలో పరిచి వంగింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా పైట ముడుచుకుంది, చేప చేతిలో ఉంది.

“నూట ఎనభై,” అంది. బొటనవేలితో పొట్ట నొక్కింది. “గుడ్డుతో ఉంది. ఒదిలెయ్యాలి.” వదిలేసింది.

ఆ తీర్పు చెప్పడానికి పట్టిన కాసేపట్లోనే పార్కు పడవ వచ్చింది. అందులోంచి ఖాకీ చొక్కా ఆయన దిగాడు. చేతిలో రసీదు పుస్తకం. జెండా మొహం తెల్లబోయింది. బోటు పర్మిషను పోతుందని అతనికి భయం. కేసు రాస్తే సంగతి విజయవాడ చేరుతుంది, అది నా భయం. ఖాకీ ఆయన నన్నే అడిగాడు, ఇంగ్లీషులోనే, మర్యాదగానే. ఆవిడ మీకేమవుతుంది?

ఆయనకి నిజం చెబితే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. నేను మాత్రం క్షణం కూడా ఆలోచించలేదు. “నాకేం కాదండీ, ప్యాసింజరు. ముసలావిడ. మతి సరిగ్గా లేదు,” అని ఇంగ్లీషులో చెప్పాను. ఎమ్మేలో ఎన్ని పరీక్షలు రాసినా నోట అంత ధారాళంగా ఎన్నడూ రాలేదు. చెప్పి ఊరుకోలేదు. అర్థం కాదేమోనని కణత దగ్గర చూపుడువేలు పెట్టి రెండుసార్లు తిప్పాను. ఆ వేలికి అనువాదం అక్కర్లేదని, దానిని కొల్లేటి నుంచి ఆ దీవి దాకా అందరూ ఒకేలా చదువుతారని, తిప్పాక గాని తోచలేదు.

ఖాకీ ఆయన పుస్తకం మూసేశాడు. అమ్మమ్మ దగ్గరికి వెళ్లి చేతులు జోడించి, నీళ్ల సీసా ఒకటి ఇచ్చి, చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చాడు. అమ్మమ్మ నా వైపు చూసింది. కోపం లేదు. బేరం కుదరని మనిషి వెళ్లిపోతుంటే చూసే చూపు అది. ఐసు మావయ్య ఇసుకలోకి చూస్తూ, “ఎందుకొచ్చిన చదువులే,” అన్నాడు మెల్లగా.

ఎండ బాగా ఉంది. “అమ్మమ్మా, ఆ నీళ్లు తాగు,” అన్నాను.

“వద్దండి మేనేజరు గారండి,” అంది. “పిచ్చోళ్లకి చల్లనీళ్లు పడవండి.”

అక్కడి నుంచి ఆవిడ రాజ్యం. జెండా ఆవిణ్ణి డ్రైవరు పక్కన నీడలో కూర్చోబెట్టి, అనాసముక్కలు ఒలిచిచ్చాడు. మూడో దీవికి వెళ్లేటప్పుడు ఆవిడ అరచెయ్యి కిందికి ఆడించి మెల్లగా అని సైగ చేస్తే డ్రైవరు నిజంగానే ఇంజను తగ్గించాడు. ఆ రోజంతటిలో సముద్రాన్ని చూడగలిగింది అప్పుడే. మధ్యాహ్నం భోజనంలో వేయించిన చేప పెట్టారు. మా గుంపు గుంపంతా పళ్లేల మీదికి వంగి చూసి, ఒక్క ముక్క నోట పెట్టకుండా “మొన్నటిది” అని తేల్చేశారు. అమ్మమ్మ క్యారేజీ విప్పి గోంగూర ఎండురొయ్యలు అందరికీ తలా కాస్త వడ్డించింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది. “తమరు ఆఫీసు భోజనం చేస్తారేమోనండి,” అంది. నేను మొన్నటి చేప తిన్నాను.

ఆఖరి రోజు సాయంత్రం విమానాశ్రయానికి వెళ్లే బస్సులో ఫారాలు పంచాను. చదువు వచ్చినవాళ్లు నింపారు, అందరూ అయిదేసి స్టార్లు వేశారు. ఎవరి కోసం వేశారో నాకు తెలుసు, అది నేను కాదు. అమ్మమ్మకి రాయడం రాదు.

“రాసుకోండి, చెప్తన్నా,” అంది. “మేనేజరు గారు మమ్మల్ని బాగా చూసుకున్నారు. ఆయన ఇంట్లో పెద్దోళ్లని కూడా ఇలాగే చూసుకుంటే బాగుంటది. అయిపోయింది. ఏలిముద్ర ఎక్కడెయ్యాలి?”

నేను మొదటి వాక్యం ఒక్కటే ఇంగ్లీషులోకి మార్చి రాశాను, అయిదు స్టార్లూ నేనే నింపాను. ప్యాకేజీ గారు ఆ ఫారం చూసి పొంగిపోయి, వేలిముద్రతో సహా గాజుఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించాడు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ గోడకి ఎదురుగా నా కుర్చీ. ఆరేళ్లు రోజూ దాన్ని చూస్తూ పనిచేశాను.

అమ్మమ్మ ఊళ్లో ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. పరదేశంలో చేప పడితే పోలీసాయన దణ్ణం పెట్టాడని చెప్పుకునేది, అంతే. మావాళ్లు కూడా నోరు మెదపలేదు. నాతో మాత్రం ‘అండి’ పోలేదు. ఇంటికి వెళితే కాళ్లు కడుక్కోండి అనేది, రెండో ముద్ద వెయ్యమంటారా అనేది. కొత్తగా వచ్చిన కోడళ్లు ఆవిడకి మనవడంటే ఎంత గౌరవమో అనుకునేవారు. నేను ఒకసారి తప్పయిపోయిందని చెప్పబోయాను. “ఆఫీసు రూలు కదండి,” అని లేచి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్లింది.

పోయిన ఏడాది ఆవిణ్ణి విజయవాడలో ఆసుపత్రిలో చేర్చాం. మూడోరోజు పొద్దున రౌండ్సుకి వచ్చిన కుర్ర డాక్టరు, ఆవిడ కళ్లు మూసుకుని ఉండటం చూసి నన్నే ఇంగ్లీషులో అడిగాడు. పేషెంటుకి మతి స్థిమితంగా ఉందా, మాటలు తడబడుతున్నాయా, మీకేమవుతారు? మంచి ఇంగ్లీషు, నేను మాట్లాడేదానిలాగే ఉంది.

“మా అమ్మమ్మండీ,” అన్నాను తెలుగులో, గదిలో ఉన్న మిగతా ముగ్గురు పేషెంట్లకీ వినబడేంత గట్టిగా. “మతి నాకంటే బాగుంటుంది. ఏం కావాలన్నా ఆవిణ్ణే అడగండి.”

డాక్టరు ఆవిడ మీదికి వంగాడు. అమ్మమ్మ కళ్లు తెరవలేదు. “అంత అరవకరా,” అంది. “పక్కోళ్లు పడుకున్నారు.”

తొమ్మిది రోజుల తర్వాత పోయింది.

ఆ ఇరవై నాలుగేళ్ల మేనేజరు కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. ఈత రాదు, మెడలో కార్డు, ఇసుక మీద లైఫ్ జాకెట్. మోకాలి లోతు నీళ్లలో నిబ్బరంగా నిలబడ్డ మనిషిని చూపించి, మతి లేనిది ఆవిడకే అన్నాడు. నాకు ఇప్పుడు సొంత ఆఫీసు ఉంది. మా ఊళ్లో అందరికీ పాస్‌పోర్టులున్నాయి, ఎవరి టిక్కెట్టు వాళ్లు ఫోనులో కొనుక్కుంటున్నారు. గుమ్మం గుమ్మం ఎక్కి, పద్దెనిమిది మందిని పోగుచేసి, అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లడం మాత్రం మానేశారు.