పన్నెండు తెరలు

మా పిన్ని కుట్టుమిషను ముందు కూర్చోగానే సూదిలో దారం ఎక్కించదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ రోజు నాతో నీకేం పని?" అని అడుగుతుంది. లోపల జవాబు తట్టేదాకా దారం ముట్టుకోదు, గుమ్మంలో ఎవరు నిలబడ్డా సరే. ఒకసారి ఓ పోలీసాయన చిరిగిన యూనిఫాం పట్టుకుని పావుగంట నిలబడ్డాడు పాపం. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆవిడంటే ప్రాణం.

ఆ జవాబులు కూడా ఎంత చిన్నవో! పక్కింటి ముసలాయన చొక్కాకి బొత్తాం కుట్టు. నిన్న పాలవాడి మీద అరిచావు, వెళ్లి క్షమించమని అడుగు. విన్నది విన్నట్టు చేసేసేది.

ఆ సోమవారం మాత్రం "మీ అక్క దగ్గరికి వెళ్లు" అని తట్టిందట. ఆ అక్క మా అమ్మే. ఇద్దరికీ ఏడేళ్లుగా మాటల్లేవు. అమ్మమ్మ చివరి ఘడియల్లో ఉందని కబురు పెడితే, పిన్ని చర్చిలో పాడేవాళ్ల గౌన్లకు అంచులు కుట్టడం ముగించి, అరగంట ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. "నీకు దేవుడి పని ఎక్కువైంది, కన్నతల్లి తక్కువైంది" అంది అమ్మ. అంతే. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా కబుర్లు మోసీ మోసీ నాకు నడుములు పడిపోయాయి.

నా ఆఫీసు ఆ వీధిలోనే. మధ్యాహ్నం పిన్ని దుకాణంలోనే క్యారేజి విప్పుతాను. ఆవిడ ఆ మాట చెప్పగానే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అమ్మకు గొంతులో గడ్డ. శుక్రవారం పొద్దున ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత అమ్మకు ఇక మాట రాదు. ఈ సంగతి పిన్నికి ఎలా చెప్పాలా అని రెండు రోజులుగా నలిగిపోతున్నాను. ఇక దాచలేక చెప్పేశాను.

పిన్ని కళ్లు తుడుచుకుని, "సాయంత్రమే వెళ్తానే" అంది.

వెళ్లిందా? వెళ్తే నేనిదంతా ఎందుకు చెప్తాను! సాయంత్రం టీచరమ్మ జిప్పు ఊడిన గౌను పట్టుకొచ్చి, రేపే కావాలని కూర్చుంది. మంగళవారం పాస్టరుగారు ఆదివారానికల్లా చర్చి కిటికీలకు తెరలు కావాలని తానులకు తానులు గుడ్డ దింపించారు. బుధవారం ఎవరో పిల్లకి జ్వరమంటే ప్రార్థన చేయడానికి పరిగెత్తింది. అన్నీ మంచి పనులే, అదే నా ఏడుపు! ఒక్క చెడ్డ పనైనా దొరికితే పట్టుకుని దులిపేసేదాన్ని.

"దేవుడు ఇవాళేమన్నాడు?" అని అడిగాను.

"అదే మాటన్నాడే. ఇంకేమైనా చెప్తావా అని కూడా అడిగాను" అంది, దొంగమొహం పెట్టి.

గురువారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్తూ దుకాణం దగ్గర ఆగాను. పన్నెండు తెరల్లో తొమ్మిది అయ్యాయి. పాస్టరుగారు ఎదురు కుర్చీలో కాఫీ తాగుతున్నారు.

"ఈ మూడూ కానిచ్చి వచ్చేస్తానే" అంది పిన్ని తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. పాస్టరుగారున్నారని కూడా చూడలేదు. "ఏడు దాటితే లోపలికి రానివ్వరు పిన్నీ! అప్పుడు అంచులు, ఇప్పుడు తెరలా? దేవుడు చెప్పిందొకటి, నువ్వు కుడుతున్నదొకటి. భయమైతే భయమని చెప్పు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోకు!"

మిషను ఆగింది. పిన్ని తలెత్తింది. "భయమేనే. అక్క మొహం తిప్పుకుంటే తట్టుకోలేను."

పాస్టరుగారు కప్పు కింద పెట్టారు. "తెరలు లేకపోతే కాస్త ఎండ పడుతుంది, అంతేగా. మీరు బయల్దేరండమ్మా" అన్నారు. ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి ఆరున్నర. బట్టలకంటిన దారప్పోగులతోనే పిన్ని వెళ్లి మంచం పక్కన నిలబడింది. అమ్మ చూసింది. మొహం తిప్పుకోలేదు. బొంగురు గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమే, ఇప్పటికి తీరిందా నీకు? అమ్మ కళ్లు ఆఖరిదాకా గుమ్మంకేసే ఉన్నాయి, తెలుసా? ఏడేళ్లలో ఒక్కసారైనా మా తలుపు తట్టావా? తడితే తియ్యననుకున్నావా? ఎలా చిక్కిపోయావో చూడు! వేళకు తింటున్నావా లేదా, దిక్కుమాలినదానా?"

నర్సు పరుగున వచ్చింది. "అంతలా మాట్లాడకండమ్మా. గొంతు దాచుకోండి."

"ఏ రేపటికి దాచుకోను తల్లీ?" అంది అమ్మ.

నర్సు దుప్పటి సర్ది వెళ్లిపోయింది. పిన్ని మంచం మీద కూర్చుని, అమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తిట్టక్కా" అంది ఏడుస్తూ. "వాళ్లు పొమ్మనేదాకా కదలను. ఇంకా తిట్టు."