పక్కపక్కన రెండు కెర్నెళ్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ల్యాబ్ అంటే గొప్పగా ఊహించుకోవద్దు. ఇంకెవరో వదిలించుకున్న పాత కంప్యూటర్లు, కిటికీ అద్దం పగిలినచోట అట్టముక్క. అన్నిటిలోనూ పాత విండోస్. సిలబస్‌లో మాత్రం లైనక్స్ కూడా నేర్పాలని ఉండేది. కొత్త మిషన్లు కావాలంటే సెక్రటరీ సార్ "ఉన్నదాంతోనే ఎల్లదీయాలె" అనేవాడు. ఆ నీతి ఆయన కారుకు వర్తించేది కాదు.

ల్యాబ్‌లో నాతోపాటు ఇంకొకాయన ఉండేవాడు, వయసులో నాకంటే చాలా పెద్ద. మర్రిగూడ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్ల మీద గోధుమరంగు చారలు, సరిగా వంగని మోకాళ్లు. నవ్వొస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకునేవాడు. విండోస్, అకౌంట్స్ ప్రోగ్రాం ఆయన పని, లైనక్స్ నా పని. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఆయన డబ్బాలోని జొన్నరొట్టెలో సగం నాదే.

చిక్కంతా గంట మోగినప్పుడు వచ్చేది. ఒక గంట ఆయన క్లాసు, తర్వాతి గంట నాది. రెండు సిస్టంలు విడివిడిగా పెడితే ప్రతిసారీ మిషన్లన్నీ ఆపి మళ్లీ లేపాలి. ఆ ముసలివి లేచి కూర్చునేసరికి సగం క్లాసు గడిచిపోయేది. విండోస్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి సృష్టించి అందులో లైనక్స్ నడపొచ్చు గానీ, దానికి వాటి మెమరీ చాలదు. వెతగ్గా వెతగ్గా ఇంకో దారి దొరికింది. ప్రతి సిస్టంకూ కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. ఎవరికి ఎంత మెమరీ, ప్రాసెసర్ ఎప్పుడు ఎవరి చేతికి అని తేల్చేది అదే. లైనక్స్ కెర్నెల్‌ను కొంచెం మార్చి, విండోస్ కెర్నెల్ పక్కనే కూర్చోబెట్టారు ఎవరో మహానుభావులు. ప్రాసెసర్ ఒక్కటే. ఒక కెర్నెల్ దాన్ని కాసేపు వాడుకొని, తనంతట తనే రెండోదానికి అప్పగించాలి. పైన కూర్చొని పంచిపెట్టే పెద్దమనిషి లేడు. ఒకటి పడిపోతే రెండోది కూడా పడిపోతుంది. అంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం.

చాలా తిప్పలు పడి అన్ని మిషన్లలోనూ దాన్ని ఎక్కించాను. గంట మోగితే పిల్లలు తెర మీద ఒక కిటికీ మూసి ఇంకోటి తెరిచేవాళ్లు, అంతే. తనిఖీకి వచ్చినవాళ్లకు సెక్రటరీ సార్ అది తన బుర్రలోంచి పుట్టినట్టే చూపించుకున్నాడు. వాళ్లు వెళ్లాక మా ఇద్దరినీ పిలిచి, "ఒకల పని ఒకలు నేర్చుకోర్రి. రేపు ఎవరన్న రాకున్నా ల్యాబ్ ఆగొద్దు" అన్నాడు.

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మాది మక్తల్ వైపు మగ్గాల ఊరు. ఎవరింట్లో మగ్గానికి కొత్త పడుగు వేసినా ఆ నిలువు పోగులను వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోపు పోగులు విడదీయాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. తెల్లారకముందే వీధి మొత్తం వచ్చేది, ఎవరినీ పిలవాల్సిన అవసరం ఉండేది కాదు. మన పడుగుకు వాళ్లు రారేమోనన్న అనుమానం నాయినకు గానీ నాకు గానీ ఎన్నడూ రాలేదు. ఆ బుద్ధితోనే కాలేజీకి వచ్చాను.

క్లాసులు మొదలవకముందే ఆయనను కూర్చోబెట్టుకొని అంతా చెప్పాను. ఆపేటప్పుడు ముందు లైనక్స్‌ను మర్యాదగా పడుకోబెట్టాలి, ఆ తర్వాతే విండోస్. వరస తప్పితే ఫైళ్లు పాడవుతాయి. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు, నేర్చినదాన్ని మళ్లీ నాకే అప్పజెప్పేవాడు. నేను అకౌంట్స్ ప్రోగ్రాం సంగతి ఎత్తితే మాత్రం ఒకనాడు బస్సుకు టైమైంది, ఒకనాడు మోకాళ్లు గుంజుతున్నాయి. పెద్దాయన కదా అని ఊరుకున్నాను.

పరీక్షలయ్యాక సెక్రటరీ సార్ నన్నొక్కణ్ణే పిలిచాడు. వచ్చే ఏడు ల్యాబ్‌కు ఒక్కరు చాలన్నాడు. రెండు పనులూ వచ్చినవాడే ఉంటాడట.

"నువ్వే గదా చూపెట్టినవ్, ఒక్క మిషన్ మీద రెండు నడుస్తయని" అన్నాడు. పైగా నవ్వాడు. ఆ నవ్వు మీద చెప్పు విసరాలనిపించింది. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

అన్న బస్టాండులో మర్రిగూడ బస్సు కోసం కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"నీకు ముందే ఎరుకనా అన్నా?"

"ఎరుకే. నేర్చుకోర్రి అన్ననాడే సాయంత్రం నన్ను మళ్ల పిలిచిండు. ఒక్కన్నే ఉంచుత, రెండు వచ్చినోన్ని ఉంచుత అన్నడు."

"నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు నేర్పకపోతుంటివి తమ్మీ. నువ్వు పోరనివి, యాడన్న బతుకుతవ్. నేను గీ మోకాళ్లతోని యాడికి పోవాలె?"

చెప్పి ఉంటే నేర్పేవాణ్ణే. ఆ మోకాళ్లను రోజూ చూస్తున్నవాణ్ణి, నా అంతట నేనే తప్పుకునేవాణ్ణేమో కూడా. ఉద్యోగం పోయిన బాధ తర్వాత మహబూబ్‌నగర్‌లో ఇంకోటి దొరకగానే పోయింది. అడిగితే ఇస్తానని ఆయన ఒక్క పూటైనా అనుకోలేదే, అది మాత్రం ఇప్పటికీ మండుతూనే ఉంది.

బస్సు వచ్చింది. ఆయన రెండు చేతులతో కడ్డీ పట్టుకొని ఎక్కుతుంటే సంచి నేనే పట్టుకున్నాను. పైకెక్కి సంచి అందుకుంటూ, "మూలకున్న మిషన్ల లైనక్స్ లేస్తలేదు. పోయేముందు జర చూసి పో తమ్మీ" అన్నాడు.

మర్నాడు వెళ్లి దాన్ని బాగుచేశాను. ఎందుకు చేశావురా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.